తొమ్మిదికీ పదికీ మధ్య ఒక రోడ్డు

మా అబ్బాయికి ఇప్పుడు నాలుగేళ్లు. వాడు హైస్కూల్లో అడుగు పెట్టడానికి ఇంకా పదేళ్లుంది, అంటే మేం ఇప్పటికే లేటయ్యాం అన్నమాట, అందుకని పోయిన నవంబర్ నుంచి ఇళ్లు చూడ్డం మొదలుపెట్టాం. ఇళ్లు చూడ్డం అని ఏదో అలవాటు కొద్దీ అంటున్నా గానీ మా డాలస్ ఉత్తరం వైపు ఇళ్లని ఎవరూ చూడరు. ఫౌండేషన్ పగిలిందా, రూఫు వడగళ్లకి దెబ్బతిందా అవన్నీ ఇన్‌స్పెక్షన్ ఆయన చూసుకుంటాడు, మనం చూడాల్సిందల్లా లిస్టింగ్‌ని బాగా కిందకి స్క్రోల్ చేస్తే ఆ అడ్రస్‌కి వచ్చే స్కూల్స్ అని ఉండే చోట పక్కనే పడే అంకె. ఒకటి నుంచి పది దాకా. గ్రేట్‌స్కూల్స్ అని 1998లో మొదలైన నాన్ ప్రాఫిట్ వాళ్లు ఇచ్చే అంకె అది. పదిలో ఏడొస్తే మన చిన్నప్పుడు ఫస్ట్ క్లాస్ అనేవాళ్లు, ఇక్కడ ఏడు అంటే ఆ ఇంటి ముందు కారు స్లో కూడా చెయ్యరు.

పూర్వం సంబంధం ఖాయం చేసుకునే ముందు అటు ఏడు తరాలు ఇటు ఏడు తరాలు చూడాలనేవాళ్లు కదా. ఇక్కడ ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూలు, మూడు తరాలు చూస్తే చాలు. పార్టీలో ఎవరన్నా కొత్తగా ఇల్లు కొన్నాం అంటే ఎక్కడ అని అడగరు, ఎంత అని అడుగుతారు, ఆయన కూడా రేటు చెప్పడు, "10-9-10 అండీ" అంటాడు. గోత్రం చెప్పినట్టే ఉంటుంది వినడానికి. ఆ మధ్యలో ఉన్న తొమ్మిది దగ్గర మాత్రం గొంతు కొంచెం తగ్గుతుంది, మేనరికం సంగతి చెప్పేటప్పుడు తగ్గినట్టు.

ఈ విషయాన్ని శాస్త్రీయంగా తేల్చాలని కూర్చున్నా. ఫ్రిస్కో ఊరి ఐఎస్‌డీలో, అంటే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, 12 హైస్కూళ్లున్నాయి. ఒకటీ రెండూ పెద్దవి కట్టేసే బదులు ఒక్కో దాంట్లో రెండు వేల చిల్లర పిల్లలు ఉండేలా ఎక్కువ కట్టాలని వాళ్ల పద్ధతి, అలాగైతే ఎక్కువమందికి టీముల్లో, బ్యాండులో చోటు దొరుకుతుందని. మంచి ఉద్దేశమే, కాదనను. కానీ 12 స్కూళ్లంటే పోల్చాల్సిన జతలు 66. జతకి ఒక వీకెండ్ వేసుకున్నా ఏడాది మీద మూణ్ణెల్లు, మధ్యలో ఒక పండగా పబ్బమూ ఉండదా మనిషికి? పక్కనే ఆలెన్‌లో చూడండి, ఊరంతటికీ ఒక్కటే హైస్కూలు, అయిదు వేల మందికి పైనే పిల్లలు, ఫుట్‌బాల్ కోసం 18 వేల మంది కూర్చునే స్టేడియం ఆరు కోట్ల డాలర్లు పెట్టి 2012లో తెరిచారు. అన్నీ ఉన్నాయి, పోల్చడానికి రెండో స్కూలు తప్ప. పాపం ఆ ఊళ్లో మనవాళ్లు శనివారం సాయంత్రాలు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదు.

దీనికి తోడు ఊరి పేరు నమ్మితే మునిగిపోతాం. ప్లేనో అడ్రస్ ఉన్న ఇంటికి ఫ్రిస్కో స్కూళ్లు రావచ్చు, మెకిన్నీ అడ్రస్‌కీ రావచ్చు, మళ్లీ ఫ్రిస్కో ఊళ్లోనే కొన్ని వీధులు ప్రాస్పర్ ఐఎస్‌డీలో, కొన్ని లూయిస్‌విల్ ఐఎస్‌డీలో పడతాయి. పిన్‌కోడ్ చూసి మురిసిపోయి అడ్వాన్స్ ఇచ్చేసిన వాళ్ల కథలు మా దగ్గర దెయ్యాల కథల్లా చెప్పుకుంటారు, రాత్రిపూట, లైట్లు తగ్గించి.

సరే మొత్తానికి రెండు ఇళ్ల దగ్గరికి వచ్చి ఆగాం. మధ్యలో ఆరు లేన్ల రోడ్డు. ఇటు వైపు ఇంటికి వచ్చే హైస్కూలు తొమ్మిది, అటు వైపు ఇంటికి వచ్చేది పది. రెండిటికీ డిస్ట్రిక్ట్ ఒకటే, సూపరింటెండెంట్ ఒకరే, టీచర్ల జీతాల పట్టిక ఒకటే, లంచ్‌లో పిజ్జా కూడా ఒకటే. అటు వైపు ఇల్లు 40 వేల డాలర్లు ఎక్కువ, పైగా పడమర ముఖం. ఇటు వైపుది తూర్పు ముఖం. అంటే వాస్తుకీ రేటింగ్‌కీ ముఖాముఖి పోటీ వచ్చిందన్నమాట, ఇలాంటి ధర్మసంకటం మన శాస్త్రాల్లో ఎవరూ ఊహించినట్టు లేదు. ఇండియా నుంచి మా నాన్న వీడియో కాల్‌లో తూర్పు అన్నాడు, మా ఆవిడ పది అంది, నేను నలభై వేలు అన్నాను, నా మాట ఎవరికీ వినపడలేదు, సిగ్నల్ అనుకుంటా.

రియల్టర్‌ని అడిగితే సరిపోయేది కదా అంటారు. మా రియల్టర్ తెలుగాయనే, గ్రానైట్ గురించి ముప్పావు గంట మాట్లాడగలడు, కానీ "ఈ రెండిట్లో ఏ స్కూలు మంచిదండీ" అనగానే ఆకాశం వైపు చూస్తాడు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ప్రకారం కొనేవాళ్ల జాతీ రంగూ మతం చూసి ఫలానా వైపు వెళ్లండని మళ్లించకూడదు, మంచి స్కూలు చెడ్డ స్కూలు అన్నా చివరికి అదే అర్థం వస్తుందేమో అని ఏజెంట్లు అసలు ఆ జోలికే పోరు. "మీరే వెబ్‌సైట్‌లో చూసుకోండి" అంటాడు. వెబ్‌సైట్‌లో ఏముంటుంది, అంకె ఉంటుంది, ఆ అంకె వైపు అందరం మనంతట మనమే మళ్లిపోతాం, చట్టానికి ఏ ఇబ్బందీ లేదు.

రోడ్డుకి అటూ ఇటూ ధరల తేడా మా పిచ్చి ఒక్కటే అనుకోకండి. శాండ్రా బ్లాక్ అనే ఎకనమిస్టు 1999లో బోస్టన్ శివార్లలో సరిగ్గా ఇదే లెక్క తీసింది, స్కూల్ బౌండరీకి అటూ ఇటూ ఉన్న ఇళ్లు మాత్రమే తీసుకుని. ఎలిమెంటరీలో టెస్ట్ స్కోర్లు 5 శాతం ఎక్కువుంటే తల్లిదండ్రులు ఇంటికి 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని తేలింది. ఇది మా ఆవిడకి చూపించా, వెర్రితనం బయటపడుతుందని. "చూశారా, రీసెర్చ్ కూడా అదే చెప్తోంది" అంది.

ఇంత చేసి స్కూలు లోపలికి వెళ్లావా అని మా బావమరిది అడిగాడు. వెళ్లలేదు. దేనికి? పార్కింగ్ లాట్ బయట నుంచే కనపడుతుంది కదా, ఒక శుక్రవారం వెళ్లి రెండు స్కూళ్ల దగ్గరా టెస్లాలు లెక్కపెట్టుకొచ్చా. తర్వాత స్కూలు చుట్టూ అర మైలు తిరిగితే ట్యూషన్ సెంటర్లు, మ్యాథ్ సెంటర్లు, శాట్ కోచింగులు, స్పెల్లింగ్ బీ కోచింగులు. అప్పుడు నాకు పది రహస్యం కొద్దికొద్దిగా అర్థమైంది. పిల్లాడు సాయంత్రం ట్యూషన్‌లో నేర్చుకుంటాడు, పగలు స్కూల్లో దాని మీద పరీక్ష రాసి స్కూలుకి పది తెచ్చిపెడతాడు, ఆ పది చూసి ఇంకొకాయన అక్కడే ఇల్లు కొని వాళ్ల అమ్మాయిని అదే ట్యూషన్‌లో చేరుస్తాడు. ఇందులో స్కూలు వాళ్ల వంతు ఏసీ, బిల్డింగూ. నలభై వేలు ఎక్కువ పెట్టి నేను కొంటున్నది స్కూలుని కాదేమో, పక్కింటి వెంకట్రావు గారి నెలవారీ ట్యూషన్ ఫీజునేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది, వెంటనే తీసేశాను, ఇలాంటి అనుమానాలతో ఇల్లు కొనలేం. అన్నట్టు ఆ అంకెకి ఒక ఆధారమైన స్టార్ పరీక్షల్నే, అంటే స్కూలు పిల్లలకి రాష్ట్రం పెట్టే పరీక్షల్నే, 2027-28 నుంచి ఎత్తేసి వేరేవి పెట్టాలని టెక్సస్‌లో 2025లో చట్టం చేశారు. మావాడు హైస్కూలుకి పోయేసరికి ఆ పదికి ఏది ఆధారమో వాడే చెప్పాలి.

అసలు కథ ఇక్కడి నుంచి. టెక్సస్‌లో 1997లో ఒక చట్టం వచ్చింది, ఏ హైస్కూల్లో అయినా సరే క్లాసులో టాప్ 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీలో సీటు ఖాయం అని. ఎక్కడో పశ్చిమాన పత్తి చేల మధ్య ఉన్న స్కూలు పిల్లలకి కూడా దారి ఉండాలని. యూటీ ఆస్టిన్‌కి, అంటే ఆస్టిన్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి, మాత్రం తాకిడి తట్టుకోలేక ఆ శాతం తగ్గిస్తూ వచ్చి 6 చేశారు, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 అయింది. పైగా యూనివర్సిటీలో సీటే ఖాయం, కంప్యూటర్ సైన్స్‌లో కాదు. ఇప్పుడు లెక్క చూడండి. సీనియర్ క్లాసులో 500 మంది ఉంటే టాప్ 5 శాతం అంటే 25 మంది. పది రేటింగ్ స్కూల్లో ఆ 25లోకి రావాలంటే మా అబ్బాయి ఎవరిని దాటాలి? వాళ్ల నాన్నలు కూడా పదేళ్ల ముందే 66 జతలు పోల్చుకుని వచ్చినవాళ్లనే. అంటే తెలుగువాళ్లం అందరం కష్టపడి ఒకర్నొకరు వెతుక్కుని ఒకే క్లాసురూములో కూర్చుని ఒకరి ర్యాంకు ఒకరం లాక్కోవడానికి ముప్పై ఏళ్ల లోన్ తీసుకుంటున్నాం.

ఇది మొదట పట్టింది మా బావమరిదే. "బావా, నేను ఏడు ఉన్న చోట కొంటున్నా" అన్నాడు. ఇంట్లో నిశ్శబ్దం. మా అత్తగారు వాడి ఉద్యోగం పోయిందేమో అని మెల్లిగా నన్ను పక్కకి పిలిచి అడిగింది. వాడి వాదన ఏంటంటే ఏడు స్కూల్లో అయితే వాళ్లమ్మాయికి టాప్ 5 శాతం తేలిక, ఇల్లు చవక, మిగిలిన డబ్బుతో ట్యూషన్.

మేం మాత్రం పది వైపే కొన్నాం, పడమర ముఖం, గుమ్మం మాత్రం కొంచెం ఈశాన్యానికి తిప్పి ఉంటుంది, ఫోటోలో కనపడదు. స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదని సంబరపడ్డదంతా ప్రాపర్టీ టాక్స్ బిల్లులో దొరికింది, అందులో పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, కాబట్టి పది సంఖ్యని నెలనెలా కొంటూనే ఉన్నాం. క్లోజింగ్ అయిన, అంటే ఇల్లు మా పేరు మీదకి వచ్చిన, మూడో వారం మా వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో రీజోనింగ్ అన్న ఒక్క ముక్క పెట్టారు, అంటే ఏ వీధికి ఏ స్కూలో చెప్పే గీత మార్చడం. అంతే. రాత్రి రెండింటి దాకా 114 మెసేజులు. కొత్త స్కూలు తెరిచినా గీత మారుతుంది, పిల్లలు తగ్గి ఉన్నది మూసినా మారుతుంది, 2024 జూన్‌లో పక్కన ప్లేనో ఐఎస్‌డీ బోర్డు నాలుగు స్కూళ్లు మూసెయ్యాలని ఓటేసింది కూడా. పదేళ్లు ఆ గీత మా రోడ్డు మీదే కదలకుండా నిలబడుతుందని మాకు ఎవరూ రాసివ్వలేదు. టైటిల్ ఇన్సూరెన్స్ కాగితాలు మొత్తం తిరగేశా, అన్నీ ఉన్నాయి గానీ ఇది లేదు.

మొన్న ఆదివారం బావమరిది ఫోన్ చేశాడు, గొంతు అదోలా ఉంది. ఏమైందిరా అంటే ఆ ఐడియా వాడొక్కడికే రాలేదట, వాళ్ల వీధిలో ఏడాదిలో పదకొండు తెలుగు కుటుంబాలు దిగాయి, స్ట్రిప్ మాల్‌లో మ్యాథ్ సెంటర్ కూడా తెరిచారు.

"ఇప్పుడు రేటింగ్ ఎంతరా?"

"ఎనిమిది అయింది బావా" అన్నాడు ఏడుపు గొంతుతో. "మీ పక్కన ఆరు ఎక్కడన్నా ఉందా?"