ట్రక్కుకు కట్టిన రవికె గుడ్డ

మా బావ డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. పోయినేడు అక్కడికి గంటన్నర దూరంలో 10 ఎకరాల ముళ్లకంప కొని దానికి పొలం అని పేరు పెట్టాడు. టెక్సస్‌లో 5 నుంచి 20 ఎకరాల్లో తేనెటీగలు పెంచినా, షరతులు కుదిరితే వ్యవసాయం కిందే లెక్కేసి ఆస్తి పన్ను తగ్గిస్తారు కాబట్టి, వారమంతా కోడ్ రాసే మనిషి శనివారం పొద్దున్నే రైతైపోతాడు. ఇక ఆ తేనెటీగల పెట్టెలు మోయడానికి బండి కావాలన్నాడు. సైడ్ బై సైడ్ అంటారు, జీపుకి తమ్ముడు, గోల్ఫ్ బండికి అన్న. సెకండ్ హ్యాండ్‌లో ఓ రైతు తాత దగ్గర దొరికింది.

"ట్రైలర్ అద్దెకి తీసుకుందాం బావా" అన్నాను.

"బామ్మర్దీ, మన ఊళ్లో టాటా ఏస్‌లో రెండు గేదెలు, దూడ, గడ్డిమోపు, దాని మీద నువ్వు రాలేదూ?"

వచ్చాను, నిజమే. కానీ గేదె తనంతట తనే ఎక్కి నిలబడుతుంది కదా!

బావ టేపు పట్టి కొలిచాడు, అయితే వెడల్పు మాత్రమే. తన పికప్ ట్రక్కు వెనక తొట్టిలో చక్రాల గూళ్ల మధ్య 50 అంగుళాల పైన ఓ వేలెడు కూడా లేదు, బండి సరిగ్గా 50. సరిపోయిందని సంబరపడ్డాడు. పొడవు సంగతి అక్కడికెళ్లాక గుర్తొచ్చింది. తొట్టి ఐదున్నర అడుగులు, బండి తొమ్మిది. "నాలుగడుగులు బయటికొస్తేనే ఎర్రజెండా కట్టాలని ఇక్కడ రూలు, మనది మూడున్నరే, అయినా మంచిదే" అని ఇంటి నుంచి తెచ్చిన ఎర్రగుడ్డ తీసి ముందే ట్రక్కుకు కట్టేశాడు. చట్టం అంటే అంత గౌరవం!

తాత "ట్రైలర్ తేలేదా?" అన్నాడు. బావ నవ్వాడు. తాత మళ్లీ అడిగాడు, ఈసారి నన్ను. నేను ఆకాశం చూశాను.

తొట్టి వెనక కిందికి తెరుచుకునే తలుపుని టైల్‌గేట్ అంటారు, రెండు అల్యూమినియం ర్యాంపులు దానికి ఆనించాం. వాటిని బెల్టులతో ట్రక్కుకు బిగించాలి, లేకపోతే బండి ఎక్కేటప్పుడు చక్రాలు వాటిని వెనక్కి తన్నేస్తాయి. ఇప్పుడు తెలుసు. అప్పుడు బెల్టులు కవర్ కూడా విప్పకుండా ముందు సీట్లో భద్రంగా ఉన్నాయి, బండి ఎక్కాక కట్టడానికని. బావ సీట్లో కూర్చుని, దేవుడికి దణ్ణం పెట్టి, యాక్సిలరేటర్ మీద కాలేశాడు. ముందు చక్రాలు టైల్‌గేట్ దాటాయి, నేను "రా రా రా" అంటూ చెయ్యి ఊపుతూనే ఉన్నాను, టంగ్‌మని రెండు ర్యాంపులూ ఎగిరి నా రెండు పక్కలా పడ్డాయి. బండి పొట్ట టైల్‌గేట్ అంచు మీద కూర్చుంది. ముందు చక్రాలు తొట్టిలో, వెనక చక్రాలు గాల్లో గిరగిరా, బావ మాత్రం ఉయ్యాల్లో పసిపిల్లాడిలా వెనక్కి వాలి మబ్బులు చూస్తున్నాడు.

"దిగు బావా!"

"దిగితే ఎటు పడుతుందో చెప్పు, దిగుతా."

తాత ఒక్క మాట అనకుండా లోపలికెళ్లి ట్రాక్టర్ తెచ్చి, గొలుసులేసి, బండినీ బావనీ కలిపి కిందకి దించాడు. మూడోసారి అడగలేదు, పక్క ఊళ్లో ట్రైలర్లు ఎక్కడ అద్దెకిస్తారో చెప్పాడు, అంతే. టైల్‌గేట్ వంగింది, ఎలాగో మూశాం గానీ వెనక కెమెరా దానికే ఉంది, రివర్స్ వేస్తే స్క్రీన్ మీద రోడ్డు బదులు ఆకాశం కనిపిస్తోంది. "మీ అక్కకి చెప్పకు, సోమవారం బాగుచేయిస్తా" అన్నాడు. దారంతా ఏ అబద్ధం చెప్పాలో రిహార్సల్ చేసుకున్నాం.

అక్క వాకిట్లోనే ఉంది. ట్రైలర్ మీద దర్జాగా కూర్చున్న బండిని చూసింది, బాగుంది అంది. తర్వాత ట్రక్కు పక్కన వేలాడుతున్న గుడ్డ దగ్గరికొచ్చింది.

"ఇది మా పెద్దత్త వరలక్ష్మీ వ్రతానికి పెట్టిన రవికె గుడ్డ కదండీ?"

"జెండాకి..." అన్నాడు బావ.

"ట్రైలర్ ఉండగా జెండా ఎందుకు?"

బావ నా వైపు చూశాడు. మేం రిహార్సల్ చేసిన వాటిలో ఈ ప్రశ్న లేదు.