ఆ గంట కొట్టింది నేనే

రాబోయేది పరాభవ నామ సంవత్సరమని తెలిసినప్పటి నుంచి టెక్సస్‌లోని మన తెలుగు సంఘం వాట్సాప్ సమూహంలో ఒకటే హాస్యాలు. శుభాకాంక్షలు ఏ ముఖంతో చెప్పుకోవాలండీ అని ఒకరు, ఈసారి పచ్చడిలో బెల్లం రెండింతలు వేయిద్దామని మరొకరు. పేరును బట్టి ఫలితం ఉండదని పంతులుగారు వేదిక మీద భరోసా ఇచ్చారు. ఆయన మాట ఆయనది. నా మట్టుకు పరాభవం పంచాంగ శ్రవణానికి ముందే, నా చేతి మీదుగానే జరిగిపోయింది.

మన వేడుకల్లో రెండేళ్లుగా సమయపాలన బాధ్యత నాది. మా పూజగదిలోని ఇత్తడి గంట తెచ్చుకుని వేదిక పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎవరి పిల్లల నృత్యం దగ్గర గంట మోగితే ఆ తల్లి నెలరోజులు నాతో మాట్లాడదు. అయినా ఎవరో ఒకరు చేయాలి కదా. ఉగాది వేడుక రోజు పట్టికలో నలభైకి పైగా అంశాలున్నాయి.

మేయర్ గారిని ఐదున్నరకు రమ్మన్నాం. ఐదు నిమిషాలు ముందే వచ్చారు. మనం దీపం వెలిగించింది ఆరు ఇరవైకి, వత్తులు ఎవరి కారులో ఉన్నాయో తేలిన తరువాత. అంతసేపూ ఆవిడ ముందు వరుసలో ఒంటరిగా కూర్చుని ఉగాది పచ్చడి తిన్నారు. వేపపువ్వు తగిలినప్పుడు కూడా ముఖం చిట్లించలేదు. నేను గమనిస్తూనే ఉన్నాను. చివరికి చిన్నపిల్లల నృత్యానికీ విచిత్ర వేషధారణకూ మధ్య పిలిచి, మూడు నిమిషాలు చాలని చెవిలో చెప్పాం.

మన సంస్కృతి గొప్పది, మీ బిర్యానీ ఇంకా గొప్పది అంటారని అందరమూ చప్పట్లకు సిద్ధంగా ఉన్నాం. ఆవిడ ఒక్క నమస్కారం పెట్టి, మడత పెట్టిన కాగితం విప్పి, నేరుగా ఊరి సంగతుల్లోకి దిగారు. వేసవిలో పచ్చికకు నీళ్లు పెట్టవలసిన రోజులు, గ్రంథాలయం వేళలు, కొత్త అగ్నిమాపక కేంద్రం, మే మొదటి శనివారం జరిగే ఎన్నిక. ఆ తరువాత, గుడికి వెళ్లే మలుపులో ఉన్న ఖాళీ స్థలం. అక్కడ పెట్రోలు బంకు, కార్లు కడిగే షెడ్డు పెట్టుకునేలా జోనింగ్, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నిబంధన, మార్చమని ఒకరు దరఖాస్తు చేశారని, మంగళవారం ప్లానింగ్ కమిషన్ ముందు విచారణ ఉందని, మీరు వచ్చి మీ అభిప్రాయం చెప్పాలని అడిగారు.

హాలులో ఎవరి హడావుడి వారిది. పిల్లలకు కిరీటాలు కడుతున్నవాళ్లు, కుర్చీలు జరుపుతున్నవాళ్లు, గుత్తివంకాయ కూర వాసన వస్తున్న వైపు తల తిప్పినవాళ్లు. నేను గంట కొట్టాను. ఆవిడ నా వైపు చూసి నవ్వి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు. రెండోసారి కొట్టాను. కాగితం మడిచేశారు. శాలువా, జ్ఞాపిక, ఆపైన ఫోటో. కార్యవర్గం, పూర్వ కార్యవర్గం, దాతలు, దాతల బంధువులు అందరూ ఒక్క చట్రంలో ఇమడడానికి పదకొండు నిమిషాలు పట్టింది. గడియారం నా చేతిలోనే ఉంది కాబట్టి కచ్చితంగా చెబుతున్నాను. దానికి మాత్రం ఎవరూ గంట కొట్టమనలేదు.

పంచాంగ శ్రవణం మొదలయ్యేసరికి చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఎవరి రాశి వాళ్లు ఫోనులో రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను. శని ఎక్కడున్నాడో అంత శ్రద్ధగా విన్నవాళ్లం, పెట్రోలు బంకు ఎక్కడ రాబోతోందో వినలేదు.

ప్లానింగ్ కమిషన్ మంగళవారం గడిచింది, తుది నిర్ణయం తీసుకునే నగర కౌన్సిల్ మంగళవారమూ గడిచింది. రెండింటికీ మనవాళ్లు ఒక్కరూ వెళ్లలేదు. అనుమతి వచ్చింది. మే నెలలో ఆ స్థలం చుట్టూ కంచె లేచాక సమూహంలో ఒక్క రాత్రిలో మూడు వందల సందేశాలు. మనకు ఎవరూ చెప్పలేదు, మనమంటే వీళ్లకు లెక్కలేదు, ఇది వివక్ష. చివరి మాటకు నేనూ బొటనవేలు గుర్తు పెట్టాను.

టెక్సస్ చట్టం ప్రకారం జోనింగ్ మార్పు కోరిన స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తి ఉన్నవాళ్లకు విచారణకు కనీసం 10 రోజుల ముందే ఉత్తరం పంపాలి. పన్ను చిట్టాలో పేరుంటే చాలు, పౌరసత్వం అడగరు. మా వీధి ఆ హద్దులోదే. నా ఉత్తరం గరాజులో దొరికింది, పిజ్జా కూపన్లకూ ఇంటి కప్పు బాగుచేస్తామనే ప్రకటనలకూ మధ్య, చించకుండా.

పద్నాలుగు మందిమి కట్టకట్టుకుని సిటీ హాలుకు వెళ్లాం. అక్కడ మాట్లాడే బల్ల మీద చిన్న దీపాలుంటాయి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మనిషికి మూడు నిమిషాలు. నేను గుడి ఎప్పుడు కట్టామో, ఎంతమంది చందాలిచ్చారో చెబుతుండగానే ఎర్రదీపం వెలిగింది. ఆ మూడు నిమిషాల లెక్క నాకు బాగా తెలిసినదే. కౌన్సిల్ సభ్యులు ఒక్క మాటా తిరిగి అనలేదు. బయట కార్ల దగ్గర మనవాళ్లకు అదే పెద్ద అవమానమైంది. నిజానికి ఆ రోజు కార్యక్రమ పట్టికలో లేని విషయాన్ని వాళ్లు చర్చించడానికి రాష్ట్ర చట్టమే ఒప్పుకోదు. పైగా మా ఊరి మేయరుకు కౌన్సిల్‌లోని ఏడు ఓట్లలో ఒక్కటే. రోజువారీ పాలనంతా కౌన్సిల్ నియమించిన అధికారి సిటీ మేనేజరుది. ఫోటో వరసలో నిలబడి మేయరు చెవిలో ఒక మాట వేస్తే పని జరిగిపోతుందని ఇన్నేళ్లు మనం నమ్మడం ఆవిడ తప్పు కాదు.

న్యాయంగా రెండో వైపూ చెప్పుకోవాలి. మన హాలులో సగం మందికి ఓటు లేదు. గ్రీన్ కార్డు కోసం పదేళ్లు దాటి నిలబడి ఉన్నవాళ్లను ఊరి రాజకీయం ఎందుకు పట్టదని నిలదీయడం బాగుండదు. సంఘం ఉన్నది కూడా పాటకూ పచ్చడికీ, పిల్లల నాలుక మీద నాలుగు తెలుగు ముక్కలు నిలవడానికీ. శాలువాను నేను వెక్కిరించను. ఇంటికి వచ్చినవారిని ఉత్త చేతులతో పంపకపోవడం మనకు అమ్మలు నేర్పిన సంగతి.

కానీ పక్క ఊళ్లను చూడండి. 2023 మేలో మెకిన్నీ విమానాశ్రయం కోసం అప్పు తెచ్చే బాండును, 2025 మేలో ఫ్రిస్కో కళాకేంద్రాన్ని జనం ఓటుతో తిప్పికొట్టారు. ఆ తీర్పులు సరైనవా కావా అన్నది వేరే చర్చ, నాకైతే కళాకేంద్రం వస్తే బాగుండేదనిపించింది. 2000లో 33 వేల మంది ఉన్న ఫ్రిస్కో 2020కి రెండు లక్షలు దాటింది. ఆ పెరుగుదలలో మనమూ ఉన్నాం. ఓటు లేనివారికి కూడా నోరుంది. పట్టికలో ఉన్న అంశం మీద మాట్లాడదలచిన ఎవరికైనా అవకాశం ఇవ్వాలని 2019 నుంచి రాష్ట్ర చట్టమే చెబుతోంది.

ఇవన్నీ మనకు అలవాటు లేని పనులని ఒక మిత్రుడు అన్నాడు. తెనాలి పక్కన మా ఊళ్లో మా నాన్న ఒక తూము కోసం రెండేళ్లు గ్రామసభలో లేచి నిలబడ్డాడు. ఆయన ఎదురొస్తుంటే సర్పంచ్ వీధి మారేవాడు. తూము పడింది. ఇప్పటికీ వానాకాలంలో మా వీధిలో నీళ్లు నిలవవు. అలవాటు లేకపోవడం కాదు, విమానం ఎక్కేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసి శాలువా ఒక్కటీ తెచ్చుకున్నాం.

కార్యవర్గానికి నా విన్నపం. దీపావళికి మేయర్ గారిని మళ్లీ పిలవండి. దీపం వెలిగించగానే మొదటి అంశంగా పదిహేను నిమిషాలు ఇవ్వండి, ప్రశ్నలకు మరో పది. పిల్లల నృత్యాలు రెండు తగ్గినా ఫరవాలేదు, ఆ తల్లుల కోపం నా ఖాతాలో వేయండి. కౌన్సిల్ పట్టిక వచ్చినప్పుడల్లా మనకు సంబంధించిన అంశాలను నాలుగు వాక్యాల తెలుగులో సమూహంలో పెట్టే పని హైస్కూలు పిల్లలకు అప్పగించండి. సేవా గంటలూ కలిసివస్తాయి, తెలుగూ వస్తుంది.

గంట ప్రస్తుతం మా పూజగదిలో ఉంది. దీపావళికి కావాలంటే తెస్తాను, ఫోటోల వరసకు మాత్రమే.