గసగసాల గోమారి

సంక్రాంతికి ఊరొచ్చాను. నరసన్నపేటకి దగ్గర్లో, వంశధార కాలవ కింద ఊరు మాది. అరుగు మీద కూర్చుని ఇది రాస్తుంటే ఎదురుగా సాలలో నాన్న జెర్సీ ఆవు గంగడోలు ఎత్తి గోమార్లు, అంటే పిడుదులు, పీకుతున్నాడు. రక్తం తాగి ఒక్కోటి ఆముదం గింజంత ఉంది. పీకినదాన్ని రాయి మీద పడేసి చెప్పుతో నలిపేస్తాడు. పక్కనే కోడిపెట్ట కాసుకుని ఉంది. చెప్పు పడే లోపే కొన్ని దానికి దక్కుతున్నాయి.

మా బావ వచ్చి కూర్చున్నాడు. నాన్న అతనికి అమెరికా కబుర్లు చెప్పడం మొదలెట్టాడు. "అక్కడ నన్ను గోమారి కుట్టిందిరా. దానికి మావోడు రెండాసుపత్రులు తిప్పీసి, పది రోజులు మందులు మింగించీసినాడు."

"గోమారి కుడితే మనిషికేటవుద్ది మావా!" అన్నాడు బావ. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆవు కూడా తల ఊపినట్టు అనిపించింది నాకు.

ఆ నవ్వే నా చేత ఈ వ్యాసం రాయిస్తోంది. అమెరికాలో గోమారి లాంటి పురుగు కుడితే వచ్చే లైమ్ జబ్బు గురించి మనవాళ్లకి తెలియదని నేను అనను. పేరైనా వినని వాళ్లు న్యూజెర్సీలో, కనెక్టికట్‌లో, పెన్సిల్వేనియాలో తక్కువే. అసలు ఇబ్బంది ఏమిటంటే, పల్లెటూళ్లో పుట్టిన మనకి గోమారి బాగా తెలుసు. చిన్నప్పుడు ఎద్దు చెవిలోంచి పీకినవాళ్లం, కుక్క మెడ మీంచి పిడుదులు తీసినవాళ్లం. అది పశువు పురుగు, మనిషినేం చెయ్యదు అని ఒంట్లో ఇంకిపోయింది. అక్కడ మన పెరట్లో తిరిగేది మన గోమారి కాదని చెబితే చెవికెక్కదు. మా నాన్నకే ఎక్కలేదు.

పోయిన జూన్‌లో జరిగింది. అమ్మా నాన్నా మేలో న్యూజెర్సీలో మా ఇంటికి వచ్చారు. అందరి అమ్మానాన్నలూ వచ్చేది ఆ నెలలోనే కదా, చలి పోయిందని, పిల్లలకి సెలవులని. నాన్నకి అక్కడ కాలక్షేపం పెరడే. ఆనప, బీర, గోంగూర వేశాడు. పెరటి చివర అడివి, ఆ అంచున ఏళ్ల తరబడి రాలిన ఆకుల మేట. ఆ ఆకు తెచ్చి పాదులకి ఎరువుగా కప్పేవాడు, పంచె మోకాలి పైకి కట్టి, హవాయి చెప్పులతో. మధ్యాహ్నం అక్కడే కట్టెల మోపు పక్కన కూర్చునేవాడు. ఒకరోజు మోకాలి వెనక ఏదో గీరుకున్నాడట. చిన్న నల్ల చుక్క ఊడి గోటికి వచ్చిందట. దులిపేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేదేముంది అందులో?

పదకొండో రోజున జ్వరం, ఒళ్లునొప్పులు, మెడ పట్టేసింది. మోకాలి వెనక అరచేయంత మచ్చ. మొదట వెళ్లిన చోట సాలెపురుగు కుట్టి ఉంటుందని క్రీము రాసిచ్చి పంపేశారు. మచ్చ పెరుగుతూనే ఉంది. మూడు రోజులు చూసి ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ మచ్చ చూస్తూనే, "తోటపని చేస్తారా?" అని అడిగింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలెట్టింది. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగలేదు. మొదటి వారాల్లో ఒంట్లో ఇంకా జబ్బుతో పోరాడే యాంటీబాడీలు తయారవవు కాబట్టి పరీక్ష నెగెటివ్ రావచ్చు, మచ్చ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు అదే చాలు అంది.

ఆ మచ్చ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన ఒంటి రంగుతో దానికి పేచీ ఉంది. ఇంటర్నెట్‌లో వెతికితే తెల్లటి చర్మం మీద ఎర్రటి వలయాలు, గురి చూసి కొట్టే పలకలా, ముచ్చటగా కనిపిస్తాయి. నాన్న కాలి మీద అలా ఏమీ లేదు. దెబ్బ తగిలి కమిలినట్టు, కాస్త ముదురు రంగులో, అంతే. చేత్తో తాకితే వెచ్చగా ఉంది. నొప్పి లేదు, దురద పెద్దగా లేదు. లైమ్ సోకినవాళ్లలో 70 నుంచి 80 శాతం మందికి మచ్చ వస్తుంది. కుట్టిన 3 నుంచి 30 రోజుల మధ్యలో ఎప్పుడైనా రావచ్చు. చాలామందికి వలయం ఉండదు, ఒట్టి మచ్చ పెరుగుతూ పోతుంది. నల్లటి చర్మం ఉన్నవాళ్లలో జబ్బు ఆలస్యంగా బయటపడుతోందని అమెరికా వైద్యులే రాశారు. కాబట్టి డాక్టరు తామర అనో పురుగు కాటు అనో తేల్చేస్తే, "ఈయన రోజూ అడివి అంచున తోటలో ఉంటాడు, లైమ్ కావచ్చా?" అని మనమే అడగాలి. నేను మొదటి చోట అడగలేదు. ఆ మూడు రోజులకి బాధ్యుణ్ణి నేనే. సకాలంలో మందు పడకపోతే కీళ్ల వాపు, మూతి ఒకవైపు పడిపోవడం, గుండె కొట్టుకోవడంలో తేడా దాకా వెళ్లొచ్చు.

నాన్న పది రోజుల్లో కోలుకున్నాడు. ఆ మందు వేసుకుంటుంటే ఎండలోకి వెళ్లకూడదన్నారు. జ్వరం కంటే అదే ఆయనకి పెద్ద శిక్ష అయింది.

అరుగు మీద నవ్వుల దగ్గరికి వస్తాను. బావతో వాదించడానికి నేను కనెక్టికట్ దాకా వెళ్లలేదు, సాల దాకా వెళ్లాను.

"నాలుగేళ్ల కిందట మన పాత జెర్సీ ఆవు ఎలా చచ్చిపోయింది బావా?"

"జ్వరమొచ్చి. గోమార్లు పట్టీసినాయి కదా. డాట్రుబాబు అదే అన్నాడు."

"నాటు ఆవులకి రాలేదేం?"

"ఆటికి అలవాటు. జెర్సీ అంటే బయట నుంచొచ్చింది, తట్టుకోలేదు."

నాకు కావాల్సింది అతనే చెప్పేశాడు. గోమారి పురుగు మాత్రమే కాదు, సిరంజి కూడా. ఒక జంతువు రక్తంలో ఉన్నదాన్ని ఇంకోదానికి ఎక్కిస్తుంది. మన ఊళ్లలో ఆవులకి ఎర్ర మూత్రం పడే జబ్బు బెబీసియా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది, మోసేది గోమారే. దానికి దగ్గరి చుట్టం ఒకటి అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మనుషులకి వస్తుంది. దాన్ని మోసేది లైమ్‌ని మోసే ఆ పురుగే. ఇది చెప్పాక బావ నవ్వలేదు. నాన్న మాత్రం, "అయితే నేను జెర్సీ ఆవునా?" అన్నాడు. జెర్సీకి వెళ్లినవాడివే కదా అన్నాను.

ఇక ఆ పురుగు సంగతి. అక్కడ దాన్ని జింక టిక్ అంటారు. పేరు జింకది, కానీ జబ్బు దానికి అంటేది ఎక్కువగా తెల్లకాళ్ల ఎలుక నుంచి. పెద్దయ్యాక జింక మీద చేరి రక్తం తాగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎలుకని కుట్టి సూక్ష్మజీవిని ఎక్కించుకుంటుంది. మరుసటి వేసవికి ఇంకో దశకి ఎదిగి మనిషి కోసం గడ్డి చివర కాళ్లు చాచి కూర్చుంటుంది. అది ఎగరదు, దూకదు, చెట్టు మీంచి పడదు. మనం రాసుకుంటూ వెళ్తే అంటుకుంటుంది, అంతే. మే నుంచి జులై దాకా దాని రాజ్యం. మన పెద్దవాళ్లు వచ్చే నెలలూ అవే. ఆ దశలో దాని సైజు ఎంతో చెప్పడానికి నాకు మాటలు చాలలేదు. అమ్మ వంటింట్లోంచి పళ్లెంలో చిటికెడు గసగసాలు తెచ్చి నాన్న ముందు పెట్టింది.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇంతేనా?"

"ఇంతే. నీ మోకాలి వెనక ఉన్నది."

"ఇదేటి గోమారే. గసగసాల గోమారి" అంది అమ్మ.

మనకి కావాల్సిన మాట అదేనని నాకు అప్పుడే అనిపించింది. "టిక్" అంటే పెద్దవాళ్లకి ఏమీ తెలియదు. "గోమారి" అంటే నవ్వుతారు. గసగసాల గోమారి అంటే ఆగి చూస్తారు.

ఊళ్లో ఇంకో సంగతి గమనించాను. స్క్రబ్ టైఫస్ పేరు ఇప్పుడు మన ఉత్తరాంధ్ర పల్లెల్లో కూడా వినిపిస్తోంది. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి మరీ చిన్న పురుగు పిల్ల కుడితే వచ్చే జ్వరం అది. ఆశా కార్యకర్త మా వీధిలో ఇంటింటికీ తిరిగి, "జ్వరమొస్తే చంకల్లో, నడుం దగ్గర, తొడల మధ్య సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉందేమో చూసుకోండి, ఉంటే దాచకండి" అని చెప్పి వెళ్లిందట. అమ్మ ఆ మాటలు పొల్లుపోకుండా నాకు అప్పజెప్పింది. లైమ్‌కి కారణమయ్యే జీవి వేరు, స్క్రబ్ టైఫస్‌ది వేరు, మోసే పురుగులూ వేరు. కానీ రెండింటికీ వాడే మందు డాక్సీసైక్లినే, ఒళ్లంతా చూసుకోమని చెప్పే మాటా ఒకటే. నేను న్యూజెర్సీలో నెల రోజులు చెప్పినా ఎక్కనిది ఆశా అమ్మాయి అయిదు నిమిషాల్లో ఎక్కించింది. ఆమె వాళ్ల భాషలో, వాళ్ల గుమ్మంలో, తన చంక చూపించి చెప్పింది. నేను ఫోన్‌లో ఇంగ్లిష్ వీడియో పెట్టి చూపించాను.

అందుకే అమెరికాలోని మన తెలుగు సంఘం పెద్దలని నిష్ఠూరంగా ఒక మాట అడుగుతున్నాను. టాక్స్ మీద సెమినార్ పెడతాం, వీసా మీద పెడతాం, ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎక్కడ దొరుకుతుందో ఈమెయిల్ పంపుతాం. వేసవి పిక్నిక్ ఆహ్వానంలో ఈ పురుగు గురించి తెలుగులో నాలుగు ముక్కలు ఎప్పుడైనా వేశామా? కార్తీక వనభోజనాలు సరే సరి. తాటిపూడి జలాశయం దగ్గర ఉసిరిచెట్టు కింద చాప పరుచుకున్న అలవాటుతో అక్కడి పార్కులోనూ చెట్ల కిందకే పోతాం. ఆకు రాలిన అక్టోబరు, నవంబరు నెలల్లో పెద్ద టిక్‌లు మళ్లీ లేస్తాయి. చలికాలంలో కూడా మంచు గడ్డకట్టని రోజున తిరుగుతాయి. క్రికెట్‌లో బంతి పొదలోకి పోతే తెచ్చేది ఎప్పుడూ పిల్లలే.

ఇలా రాస్తే పెద్దవాళ్లు బెదిరిపోయి అమెరికాలో గడప దాటరని ఒక మిత్రుడు ఫోన్లో అన్నాడు. నేను ఒప్పుకోను. పెరడు తీసేస్తే మా నాన్నకి అక్కడ టీవీ తప్ప ఏముంది? పైగా ఇందులో మనకి అనుకూలమైన సంగతి ఒకటుంది. టిక్ కుట్టగానే జబ్బు ఎక్కదు. సాధారణంగా 24 గంటలకి పైగా అంటుకుని ఉంటేనే ఎక్కుతుంది. అంటే సాయంత్రం ఇంట్లోకి వచ్చాక చూసుకుంటే చాలావరకు గట్టెక్కినట్టే. రెండు గంటల్లోపు స్నానం చెయ్యాలి. చంకలు, చెవుల వెనక, బొడ్డు, నడుం, మోకాళ్ల వెనక, తొడల మధ్య, జుట్టులో వేళ్లతో తడిమి చూడాలి. మన పెద్దవాళ్లకి ఇక్కడే మొహమాటం. అమ్మ నాన్న వీపు చూడాలి, నాన్న అమ్మ జడ కింద చూడాలి. కోడలు చూస్తానంటే అత్తగారు ఒప్పుకోదు. ఆ తగువు ఎవరి ఇంట్లో వాళ్లే తీర్చుకోండి. తోటలో వేసుకున్న బట్టలు ముందు డ్రయ్యర్‌లో బాగా వేడి మీద పది నిమిషాలు తిప్పితే వాటి మీద ఉన్నవి చస్తాయి. ఉతికితే చస్తాయని గ్యారంటీ లేదు, ముందు వేడి పడాలి.

అంటుకుని ఉంటే సన్నటి మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. మెలిపెట్టకూడదు. మా బావ కిరసనాయిలు చుక్క వెయ్యమన్నాడు, ఎడ్లకి అలాగే చేస్తాడు. అగ్గిపుల్ల అన్నారు ఇంకొకరు. ఇవేవీ వద్దు. పురుగుని చికాకు పెడితే అది కడుపులో ఉన్నదంతా మన ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. తీశాక తేదీ రాసిపెట్టుకుని డాక్టరుకి ఫోన్ చెయ్యండి. లైమ్ ఎక్కువున్న రాష్ట్రాల్లో, పురుగుని తీసి 72 గంటలు దాటకుండా ఉంటే, ఒకే ఒక్క మోతాదు మందుతో ఆపే వీలు కొందరికి ఉంటుంది.

నాన్నకి నచ్చింది మాత్రం పర్మెత్రిన్ అనే పురుగుమందు కథ. పశువుల మీద కొట్టే డెల్టామెత్రిన్‌కి అది తోబుట్టువులాంటిది. ఆ మాట వినగానే, "ఓ, మన మందేనా!" అని తేలిగ్గా ఒప్పుకున్నాడు. దాన్ని ఒంటికి రాయకూడదు. చెప్పులకి, పంచెకి, ప్యాంటుకి పట్టించి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉన్నప్పుడు పిల్లులకి విషం, ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త. ఒంటికి రాసుకోవడానికి డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న, పురుగుల్ని దగ్గరికి రానివ్వని మందు వేరే ఉంటుంది. అడివికీ పచ్చికకీ మధ్య మూడడుగుల వెడల్పున చెక్కపొట్టు పరిస్తే పురుగులు ఇటు రావడం తగ్గుతుంది. ఆ పని ఈ వేసవిలో నేనే చేస్తాను, ఆకుల మేట కూడా తీయిస్తాను.

అసలు ఈ జబ్బుకి పేరొచ్చిందే ఒక తల్లి మొండితనం వల్ల. 1975లో కనెక్టికట్‌లోని ఓల్డ్ లైమ్ చుట్టుపక్కల పిల్లలకి మోకాళ్లు వాచిపోతుంటే, ఇది మామూలు కీళ్లవాతం కాదని పాలీ మర్రే అనే గృహిణి పట్టుబట్టింది. యేల్ నుంచి అలెన్ స్టీర్ వచ్చి పరిశోధించాడు. సూక్ష్మజీవిని విల్లీ బర్గ్‌డోర్ఫర్ గుర్తించాడు, ఆ వివరం 1982లో అచ్చయింది. ఇప్పుడు అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మందికి లైమ్ అని వైద్యం జరుగుతోందని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా. మనుషులకి టీకా 1998లో వచ్చింది, 2002లో అమ్మకం ఆపేశారు. కుక్కలకి మాత్రం టీకా ఉంది. ఇది విని బావ, "కుక్కకున్న భాగ్యం మావకి లేదు" అన్నాడు.

మే రెండో వారానికి టికెట్లు తీశాను. నిన్న నాన్న నరసన్నపేట వెళ్లి తెల్ల సాక్సులు నాలుగు జతలు కొనుక్కొచ్చాడు. ప్యాంటు అందులోకి దోపుకోవాలని నేనే చెప్పాను, తెల్లదాని మీద పురుగు పాకితే కనిపిస్తుందని. ప్యాంటు వేసుకోనంటాడు. పంచెనే సాక్సుల్లోకి దోపి సాలలో అటూ ఇటూ నడిచి చూస్తున్నాడు. అమ్మ నవ్వలేక నవ్వుతోంది. ఆవు పాలివ్వడానికి బెదురుతోంది.