అరిగిన అక్షరాల జోలికి పోకండి

రోమన్ నాణేలు కొనేవాళ్ళలో చాలామంది చక్రవర్తి మొహం, లోహం మెరుపు చూసి డబ్బు పెడతారు. నేను అంచు చుట్టూ ఉండే రాత కోసం పెడతాను. అందుకే ఈ 'టూలింగ్' అంటే ఒళ్ళు మండుతుంది. అరిగిపోయిన అక్షరాలను సూదిమొన లాంటి పనిముట్టుతో మళ్ళీ చెక్కి, 'చాలా స్పష్టంగా ఉంది, అరుదైనది' అని అమ్మేస్తారు.

రోమన్ చక్రవర్తి నెర్వా ఏలింది 16 నెలలే. ఆయన వేయించిన ఒక పెద్ద ఇత్తడి నాణెం మీద రెండు కంచరగాడిదలు తీరిగ్గా గడ్డి మేస్తుంటాయి. వెనకాల విప్పేసిన బండి, దాని నొగలు పైకి లేచి ఉంటాయి. చుట్టూ 'వెహిక్యులాటియోనె ఇటాలియే రెమిస్సా' అని రాత. ప్రభుత్వ ప్రయాణాలకు బళ్ళూ పశువులూ సమకూర్చే భారం ఇటలీ జనం నెత్తి మీంచి దించేశాం అని చాటింపు. జేబులో పెట్టుకు తిరిగే జీవో అన్నమాట! ఇలాంటి నాణెం మీద ఎవడో ఒక అక్షరం 'సరిచేస్తే' ఇక దేన్ని నమ్మాలి?

క్రీ.శ. 286లో బ్రిటన్‌లో తిరగబడి చక్రవర్తినని ప్రకటించుకున్న కరౌసియస్ సంగతి చూడండి. అతని వెండి నాణేల అడుగున ఆర్.ఎస్.ఆర్. అని ఉంటుంది. అదేదో ఖజానా అధికారి హోదా అని చాలాకాలం అనుకున్నారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అతని పతకం మీద ఐ.ఎన్.పి.సి.డి.ఎ. అని మరో అర్థంకాని గుంపు. 1990లలో గై డి లా బెదోయేర్ అనే చరిత్రకారుడు ఈ రెండూ కలిపి చదివాడు. రోమన్ కవి వర్జిల్ పద్యంలో వరుసగా వచ్చే మాటల మొదటి అక్షరాలవి! 'శాటర్న్ కాలం (అంటే స్వర్ణయుగం) తిరిగొస్తోంది, పైనుంచి కొత్త తరం దిగుతోంది' అని అర్థం. తిరుగుబాటుదారుడు కవిత్వంతో ప్రచారం చేసుకున్నాడు. మధ్యలో ఏ మేధావో అర్థంకాలేదని ఆ మూడక్షరాలు మార్చి ఉంటే?

మన దక్షిణాదిలోనూ అంతే. రోమన్ బంగారు నాణేలు చూసి ఇక్కడివాళ్ళు నకళ్ళు చేశారు. లాటిన్ రాదు కాబట్టి అక్షరాలు పుల్లలు పేర్చినట్టు ఉంటాయి. ఆ తప్పులే వాటి చిరునామా. దిద్దితే ఏం మిగిలింది?

కొనేముందు అక్షరాల చుట్టూ ఉన్న ఖాళీ చోటు చూడండి. అక్కడ గుంట పడి, చక్రవర్తి జుట్టు అరిగిపోయి, రాత మాత్రం నిన్న చెక్కినట్టుంటే బేరం కూడా ఆడకండి. సగం చెరిగిన నెర్వా దొరికితే చెప్పండి, నేను తీసుకుంటాను.