గుర్రపుడెక్కకు కాంటూరు తెలియదు

ఏటా వేసవిలో ధవళేశ్వరం వద్ద నీరు ఆపి డెల్టా కాలువలు కట్టివేయగానే గుర్రపుడెక్క తొలగింపునకు అంచనాలు, టెండర్లు, ఆ వెనుకే బిల్లులు బయలుదేరతాయి. తీసిన డెక్కను గట్టు మీదే కుప్పపోస్తే, తొలకరి వానకు అందులో కొంత మళ్లీ కాలువలోకే జారుతుంది. దీన్ని నిర్వహణ అనడం కంటే ఏడాదికోసారి పెట్టే తద్దినం అనడమే సబబు.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క అనుకూలమైన నీటిలో రెండు వారాలకే రెట్టింపవుతుంది. దాని గింజలు అడుగు బురదలో దాదాపు 20 ఏళ్లు బతికి ఉండగలవు. ఒక్క వేసవి పనికి లొంగే శత్రువు కాదది. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న కొల్లేరుకు బుడమేరు, తమ్మిలేరులతో పాటు ఎన్నో మురుగు కాలువలు నీటిని తెస్తాయి; ఆ నీరంతా సముద్రం చేరడానికి ఉన్న దారి మాత్రం సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే. డెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొచ్చి వంతెనల ఖానాలకు అడ్డుపడితే లంక గ్రామాలకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ గురించి దేశమంతా మాట్లాడింది గానీ, ఆ నీరు చివరికి దిగవలసింది కొల్లేరులోకేనన్న సంగతి కొద్దిమందికే పట్టింది. పైగా చేపల చెరువుల నుంచి వదిలే నీరు, పట్టణాల మురుగు కలిసి ఈ కలుపునకు ఉచితంగా ఎరువు వేస్తున్నాయి.

డెక్క కనీసం కంటికి కనిపిస్తుంది, చేప కనిపించదు. పెంపకంపై నిషేధం ఉన్నా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దొంగచాటు పెంపకం ఆగకపోవడం వల్లనే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో ఆదేశాలివ్వవలసి వచ్చింది. తోటి చేపలను మింగుతూ, గాలి పీల్చుకుంటూ తక్కువ నీటిలోనూ బతికే ఈ జాతి, వరదకు చెరువు గట్టు తెగి సరస్సులో పడిందంటే మన మార్పు చేప, కొర్రమీను వంటి నాటు రకాలకు గడ్డుకాలమే. ఆ తరువాత దాన్ని ఏరివేయడం ఏ శాఖ వల్లా కాదు. కాబట్టి కాపలా ఉండవలసింది హేచరీల వద్ద, చెరువు తూముల జాలీల వద్ద.

చట్టం లేదని తప్పించుకునే వీలు లేదు. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, దేశానికి చెందని హానికర జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, వ్యాప్తిని నియంత్రించే లేదా నిషేధించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమై, 2002 నుంచి అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు కూడా ఉన్న కొల్లేరు కోసం ఆ అధికారాన్ని వాడమని రాష్ట్రం గట్టిగా అడగాలి.

అసలు చిక్కు ఇంటిలోనే ఉంది. డెక్క కాలువలో ఉన్నంతసేపు జలవనరుల శాఖది, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున ఉన్న అభయారణ్యపు హద్దు గీత) దాటి సరస్సులో చేరితే అటవీ శాఖది, చెరువులో కనిపిస్తే మత్స్య శాఖది, ఊరి మురుగులో పెరిగితే పంచాయతీది. 2006లో కొల్లేరులోని అక్రమ చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడానికి శాఖలన్నీ కలిసి కదలగా లేనిది, కలుపు విషయంలో ఎందుకు కదలలేవు? సరస్సు, అందులో కలిసే డ్రెయిన్లు, ఉప్పుటేరు అన్నింటికీ బాధ్యత వహించే ఒకే సంస్థ ఉండాలి. గుత్తేదారుకు తీసిన డెక్క లెక్కన కాక, నీటిని ఏడాది పొడవునా శుభ్రంగా ఉంచినందుకు, అదీ మూడు నాలుగేళ్ల ఒప్పందం మీద చెల్లించాలి. డెక్క మొదట ఏ మూల మొలకెత్తుతుందో దోనెల మీద తిరిగే లంకవాసులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ పనిలో కూలి వారికే దక్కాలి. డెక్కతో బుట్టలు అల్లే ప్రదర్శనలు ముచ్చటగానే ఉంటాయి, కానీ వాటితో ఉప్పుటేరు తెరుచుకోదు. మందు పిచికారీ దగ్గరి దారిగా తోచవచ్చు. అయితే డెల్టా పల్లెల మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువల నీటితోనే గనుక ఆ ఆలోచనకు తావివ్వరాదు.

వచ్చే కట్టివేతకు అధికారులు మళ్లీ పాత అంచనాల దుమ్ము దులపకముందే ప్రభుత్వం ఈ ఉమ్మడి సంస్థపై ఉత్తర్వు జారీ చేయాలి.