వెన్నుపాము ప్రయోగాల్లో ఆడ ఎలుక ఎక్కడ?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే చేపల గంపలు నెత్తికెత్తుకునే ఆడవాళ్ల నడక చూడండి. వాచిన మోకాళ్లు ఎవరివో వేరే చెప్పనక్కరలేదు. రుమటాయిడ్ కీళ్లవాతం మగవారిలో కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ నొప్పికి మందు వెతికే ప్రయోగశాలలు మాత్రం దశాబ్దాలుగా మగ జంతువులనే నమ్ముకున్నాయి. నొప్పి పరిశోధనల పత్రిక ‘పెయిన్’లో పదేళ్లపాటు వచ్చిన జంతు పరిశోధనలను నొప్పి శాస్త్రవేత్త జెఫ్రీ మోగిల్ బృందం 2005లో లెక్కగట్టింది. వాటిలో 79 శాతం మగవాటితోనే చేసినవి!

నొప్పి కబురు మెదడుకు చేరేది వెన్నుపాము మీదుగానే. అక్కడికే మందు పంపడం గొప్ప ఆలోచన, సందేహం లేదు. 1976లో యాక్ష్, రూడీ అనే పరిశోధకులు ఎలుకల వెన్నులోకి సన్నని గొట్టం పంపి, మార్ఫిన్ నేరుగా అక్కడే నొప్పిని ఆపగలదని చూపారు. 1979కల్లా ఆ పద్ధతి క్యాన్సర్ రోగుల దాకా వచ్చింది.

అసలు విషయం 2011లో బయటపడింది. మోగిల్ బృందమే చిట్టెలుకల పాదంలో వాపు పుట్టించి, వెన్నులో టీఎల్ఆర్-4 అనే గ్రాహకాన్ని (కణాల మీద సంకేతాలను అందుకునే ప్రోటీన్‌ను) మందుతో అడ్డుకుంది. మగవాటికి నొప్పి తగ్గింది. ఆడవాటికి తగ్గలేదు. ఆ గ్రాహకాన్ని రెచ్చగొట్టే పదార్థాన్ని పాదంలోకో మెదడులోకో ఎక్కిస్తే ఆడ, మగ రెండింటికీ ఒకేలా నొప్పి పుట్టింది. వెన్నులోకి ఎక్కించినప్పుడు మాత్రం మగవాటికే! అంటే తేడా ఉన్నది సరిగ్గా మనం మందు పోయదలచిన చోటే. మగవాటిని మాత్రమే పరీక్షించి ఉంటే ఈ మందు ఘనవిజయంగా నమోదయ్యేది. దాన్ని నమ్మి వెన్నులో సూది వేయించుకున్న స్త్రీకి ఏం దక్కేది?

ఆడ జంతువుల్లో హార్మోన్లు మారుతుంటాయి, ఫలితాలు ఒక్కోసారి ఒక్కోలా వచ్చి చెదురుతాయి, ఖర్చు పెరుగుతుంది అంటారు. ఖర్చు మాట నిజమే. చెదరడం మాత్రం నిజం కాదు. 2014లో 293 పరిశోధన పత్రాలను పరిశీలించినవారికి ఆడ చిట్టెలుకల ఫలితాల్లో మగవాటిని మించిన చెదురు కనబడలేదు.

నాకు ఇది ఎలుకలతో ఆగే సంగతిగా తోచదు. మా అమ్మ మోకాళ్లు వాచి ఆస్పత్రికి వెళితే, “వయసు వచ్చింది కదమ్మా, సర్దుకోవాలి” అన్నారు. అదే వయసులో అదే నొప్పితో వెళ్లిన మా పెదనాన్నకు ఎక్స్‌రే తీశారు. ప్రయోగశాలలో ఆడ జంతువును పక్కన పెట్టినట్టే ఇంట్లో, ఆస్పత్రిలో ఆడమనిషి నొప్పినీ పక్కన పెడతాం. ఆమె కూడా “ఏం లేదులే” అని వంటింట్లోకి వెళ్లిపోతుంది.

విశాఖలో ఫార్మసీ కళాశాలలున్నాయి, పక్కనే పరవాడలో ఫార్మా సిటీ ఉంది. జంతువులపై ప్రయోగం చేయాలంటే సంస్థలోని నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. ఆ దరఖాస్తులో ఒక్క ప్రశ్న చేర్చాలి: ఆడ జంతువులను ఎందుకు తీసుకోలేదు? దానికి శాస్త్రీయమైన జవాబు లేని దరఖాస్తును, ఎంత పెద్ద ఆచార్యుడిదైనా, వెనక్కి పంపాలి.