సైకిల్ ఇచ్చారు సరే, దారి ఏది?

ఒడిశాలో తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలకు ప్రభుత్వం సైకిల్ ఇస్తుంది. మంచి పథకమే, దాన్ని తప్పుపట్టేవాణ్ణి కాను. బరంపురంలో మా పక్కింటి అమ్మాయికి కూడా వచ్చింది. నెల తిరగకముందే అది గోడకు చేరింది. ఇప్పుడు దాని హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు ఆరుతుంటాయి, ఆ పిల్లను వాళ్ల నాన్న స్కూటర్ మీద బడిలో దింపి పనికి రోజూ ఆలస్యంగా వెళుతున్నాడు. "అస్కా రోడ్డు మీద ఒంటరిగా పంపమంటారా మాస్టారూ?" అని అతడు అడిగినప్పుడు, నలభై ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్న నాకు కూడా పంపమని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ భయం ఎలాంటిదో కారులో వెళ్లేవారికి తెలియదు. తారు అంచుకూ పక్కనున్న మట్టికీ మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది. వెనక నుంచి బస్సు హారన్ మోగించగానే సైకిల్ మనిషి మట్టిలోకి దిగాలి; తిరిగి ఎక్కబోతే ముందు చక్రం ఆ అంచుకు రాసుకుని మనిషిని పడేస్తుంది. దిగకుండా తారు మీదే సాగుదామంటే, ఎడమ పక్కన నిలిపిన కార్లలో ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో చెప్పలేము. వానాకాలంలో మూత లేని కాలువ ఎక్కడుందో నీళ్ల కింద కనబడదు.

సైకిల్ తొక్కేవారు ఇంకా ఎవరున్నారని కొందరు అడుగుతారు. 2011 జనాభా లెక్కల్లో, పొలం పనులూ ఇంటి పరిశ్రమలూ కాక ఇతర పనులు చేసేవారిలో సుమారు 13 శాతం సైకిల్ మీద పనికి వెళ్లేవారని తేలింది. కారులో వెళ్లేవారు 3 శాతం కూడా లేరు. ఆ తరువాత లెక్కలు మారి ఉండవచ్చు గాని, తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకుని వచ్చేవారూ, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి పోయే వాచ్‌మన్లూ మా వీధిలో నేటికీ సైకిల్ మీదే కనిపిస్తారు. వాళ్లు హెల్మెట్ పెట్టుకుని ఆదివారం ఫోటోలు దిగరు కనుక లెక్కలోకి రారు.

మన రాజధానిని చూడండి. 2018 నవంబరులో, హాకీ ప్రపంచ కప్‌కు ముందు, భువనేశ్వర్‌లో 'మో సైకిల్' పేరుతో అద్దె సైకిళ్లు ప్రవేశపెట్టారు. 'మో' అంటే ఒడియాలో 'నా' అని అర్థం. సైకిల్ నాదే, రోడ్డు మాత్రం ఇంకొకరిది. హైదరాబాద్‌లో 2023లో అవుటర్ రింగ్ రోడ్డు వెంట సౌర ఫలకాల నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు. నీడ ఆలోచన చాలా బాగుంది, మన ఏప్రిల్ ఎండలకు అది అవసరం కూడా. అయితే ఇంటినుంచి బడికీ, బజారుకూ పోయే మనిషికి ఊరి అంచున ఉన్న ట్రాక్ ఏం పనికొస్తుంది?

తెల్ల గీత గీసి సైకిల్ బొమ్మ వేస్తే సాయంత్రానికి దాని మీద కార్లు నిలుస్తాయి. వెడల్పైన రోడ్ల మీద గట్టు కట్టి వేరు చేసిన దారి కావాలి, అది కూడలి రాగానే మాయం కాకూడదు. ప్రమాదమంతా ఉండేది అక్కడే కదా. పాత ఊరి ఇరుకు వీధుల్లో దానికి చోటు లేదన్న మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. అక్కడ వాహనాల వేగం తగ్గించి, బడి వేళల్లో లారీలను ఆపితే సరిపోతుంది. కానీ పెద్ద రోడ్ల మీద కూడా చోటు లేదనేవారు, ఒక్క కారు నిలిపిన జాగాలో పది సైకిళ్లు పడతాయని గుర్తుంచుకోవాలి.

ఊరంతా ఒకేసారి మార్చమని నేను అడగడం లేదు. సైకిళ్లు పంచిన ప్రతి ఉన్నత పాఠశాల చుట్టూ రెండు కిలోమీటర్ల దారులతో మొదలుపెట్టండి. కొలతలకు వచ్చే ఇంజనీరు గారికి టేపు రెండో కొస పట్టుకోవడానికి నేను వస్తాను. ఆదివారం మాత్రం రావద్దు, ఆ రోజు మా రోడ్డు చాలా అందంగా ఉంటుంది. సోమవారం ఉదయం బడి గంటకు ముందు రండి.